కావాలని చేసిండా, పొరపాటా? ఒక 8వ తరగతి పిలగాని కేసు

ఈ కేసు రాయనీకి ఇంటోళ్ళను అడిగి ఒప్పిచ్చుకున్న, పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చిన. పిలగాన్ని కిరణ్ అందాం. 13 ఏళ్ళు, హాలియా దిక్కు ఒక ఊరు, జెడ్పీ హైస్కూల్ల 8వ తరగతి. నాయిన బత్తాయి తోటలు గుత్తకు పట్టి కాయ అమ్ముతడు, అమ్మ ఇంటిపని చూసుకుంట పత్తి సీజన్ల కూలికి పోతది, అక్క ఇంటర్ చదువుతది. నేను నల్లగొండల క్లినికల్ సైకాలజిస్టును. ఆటిజం (మాట తీరు, మనుషులతోటి మెలిగే తీరు చిన్నప్పటి నుంచే వేరేగ ఉండుడు) ఉన్న పిల్లలు నాకు కొత్తేం కాదు గానీ ఈ పిలగాడు ఒకే వారంల రెండు ఉల్టా పనులు చేసి వచ్చిండు, ఒకటి చూస్తే ఎవ్వరినీ నమ్మడు అనిపిస్తది, ఇంకోటి చూస్తే ఎవ్వరినైనా నమ్ముతడు అనిపిస్తది, అందుకే రాస్తున్న.

మొదటిది మధ్యాహ్న భోజనం లైన్ల జరిగింది. ముందున్న పిలగాడు తడి బండల మీద కాలు జారి ప్లేటు వదిలేసిండు, సాంబారు కిరణ్ అంగీ మీద పడ్డది. కిరణ్ వాన్ని రెండు చేతులతోటి నూకిండు, వాడు పోయి గడప మీద పడ్డడు, గదువ చిట్లి కుట్లు పడ్డయి. వాళ్ళ అమ్మానాయిన స్కూలుకొచ్చి లొల్లి పెట్టిన్రు. కిరణ్ ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట, "వాడు నా మీద సాంబారు పోసిండు."

రెండోది ఆ వారంలనే. క్లాసుల ముగ్గురు పోరగాళ్ళు ఒక చిట్టీ మడిచి ఇచ్చి, "సార్ టేబుల్ మీద పెట్టురా, సార్ ఖుష్ అయితడు" అన్నరు. పెట్టిండు. అండ్ల ఏం రాసి ఉందో మీరు ఊహించుకోవచ్చు. ఎవరు పెట్టిన్రు అని సార్ అడిగితే చెయ్యి లేపి "నేనే సార్" అన్నడు, నవ్వుకుంట. ఆ నవ్వే కొంప ముంచింది. వాడు నవ్వింది సార్ ఖుష్ అయితడని ఎదురుచూసి, సార్‌కు కనిపించింది మాత్రం పొగరు. 20 ఎక్కాల దాక గడగడ చెప్పేటోడు, దేవరకొండ బస్సుల టైమింగులు నోటికి చెప్పేటోడు ఈ చిట్టీ ఎందుకు ఇచ్చిన్రో తెల్వకుంటడా అని స్టాఫ్ రూంల అందరి మాట. టీసీ తీస్కపొమ్మన్నరు.

అమ్మ ఒక్కతే తీస్కొచ్చింది మొదట. "మొండోడు మేడం, వాళ్ళ మేనమామ పోలిక" అన్నది. మాటలు మూడున్నర ఏండ్లకు వచ్చినయి, వచ్చినయి కూడా ఒక్కొక్క మాట కాదు, టీవీల విన్న ముక్కలు ముక్కలుగా. చిన్నప్పుడు ఏదన్నా కావాలంటే వేలు పెట్టి చూపిచ్చుడు లేదు, అమ్మ చెయ్యి పట్టుకొని దాని మీద పెట్టేటోడు. "అగో కుక్క, అగో విమానం" అని ఊరికే చూపిచ్చి మన మొఖం దిక్కు చూసుడు అసల్కే లేదంట. నాలుగేండ్లప్పుడు ఒక డాక్టరు లేటుగ మాట్లాడే పిల్లలు ఉంటరు ఏం కాదు అన్నడట, నాయనమ్మ చెర్వుగట్టుకు అమాసలకు తీస్కపోయింది, జాన్‌పహాడ్ దర్గాల తాయెత్తు కట్టిచ్చింది. తర్వాత మాటలు వచ్చినయి, చదువు వచ్చింది, ఇంక ఎవ్వరు పట్టిచ్చుకోలే. చదువు వచ్చే పిల్లలల్ల ఆటిజం ఇట్లనే దాగుతది, 6, 7 తరగతుల దాక ఎట్లనో నడుస్తది, 8కి వచ్చేసరికి దోస్తానాలల్ల మాటలు సగం చెప్పకుండనే నడిచే వయసొస్తది, అప్పుడు బయటపడ్తది.

పరీక్షల సంగతి తొందరగ చెప్త. మన దేశంల ఆటిజం సర్టిఫికెట్ కోసం వాడేది ఇసా స్కేలు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల ఉన్న జాతీయ సంస్థ తయారు చేసింది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70 నుంచి ఆటిజం, 106 దాక మైల్డ్. కిరణ్ మైల్డ్‌ల వచ్చిండు. (మైల్డ్ అంటే కష్టం తక్కువ అని కాదు, పైకి తక్కువ కనిపిస్తది అని, అంతే.) తెలివి పరీక్ష మాలిన్స్ స్కేలుతోటి చేసిన, మొత్తం మీద యావరేజి, కానీ లెక్కలు, బ్లాకులు పైన, "ఇట్ల జరిగితే నువ్వేం చేస్తవ్" అని అడిగే కాంప్రహెన్షన్ భాగం బాగ కింద. ఈ ఎత్తుపల్లాలే మొత్తం స్కోరు కన్నా ఎక్కువ చెప్తయి.

ఇగ అసలు దాని దగ్గరికొద్దాం. ఎదుటోళ్ళ మనసుల ఏముందో ఊహించుడు గురించి మాట్లాడితే అందరు చెప్పేది 1985ల లండన్ల సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ చేసిన బొమ్మల పరీక్ష. ఒక బొమ్మ గోలీని బుట్టల పెట్టి బయటికి పోతది, ఇంకో బొమ్మ తీసి డబ్బల దాస్తది, మొదటిది తిరిగొచ్చి ఎక్కడ దేవులాడ్తది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లలల్ల 16 మంది డబ్బ చూపిచ్చిన్రు, అంటే తమకు తెలిసిందే ఆ బొమ్మకు కూడా తెలుసు అన్నట్టు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలేమో, తెలివి స్కోరు తక్కువ ఉన్నా, ఎక్కువ మంది సరిగ్గ చెప్పిన్రు. మస్తు పేరున్న స్టడీ. కానీ జనం మర్చిపోయేది ఏందంటే మిగిలిన 4గురు పాసయిన్రు. కిరణ్ కూడా పాసయిండు, బొమ్మలకు బదులు వాళ్ళ అక్క, చాక్లెట్టు, బియ్యం డబ్బ పెట్టి అడిగిన, టక్కున చెప్పిండు. ఈ ఒక్క పరీక్ష చూసి "వీనికి ఆ కష్టం లేదు" అని రాసి పంపిన రిపోర్టులు నేను బయట చూసిన. 13 ఏళ్ళ పిలగానికి అది లెక్కల ప్రశ్న లెక్క, జవాబు కట్టొచ్చు.

అందుకే కథలకు పోయిన. ఫ్రాన్సెస్కా హాపె 1994ల ఇసుంటి చిన్న కథల పరీక్ష తయారు చేసింది, అబద్ధం, జోకు, ఎటకారం, ఎదుటోళ్ళు బాధపడకుండ చెప్పే మాట ఇట్ల. ఆ పద్ధతిల మన ఇండ్లల్ల నడిచే ముచ్చట్లు నేనే రాసుకున్న, దీనికి స్కోరు లేదు, వినుడే. "అన్న పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు. తలుపు తీసుకుంట అమ్మ, 'అబ్బో, కలెక్టర్ సారు వచ్చిండు' అన్నది. ఎందుకన్నది?" కిరణ్ ఆలోచించి అడిగిండు, "ఏ జిల్లా కలెక్టర్ మేడం?" నవ్వు ఆపుకున్న. మల్ల అడిగిన, వాళ్ళన్న కలెక్టరా? "కాదు." మరి అమ్మ ఎందుకన్నది? "అమ్మకు తప్పు తెలుసు." అంటే అమ్మ దగ్గర తప్పు సమాచారం ఉందంట. మాటకు, మాట వెనుక ఉన్నదానికి మధ్య సందు ఉండొచ్చు అనేదే తట్టలే.

ఇంకో కథ. ఒక పిలగాడు అమ్మకు సాయం చేస్తాని ప్లేట్లు మోస్తుంటే కాలు తట్టుకొని 10 ప్లేట్లు పగిలినయి. ఇంకోడు కోపంల ఒక్క ప్లేటు ఎత్తేసి పగలగొట్టిండు. ఎవరిది పెద్ద తప్పు? జీన్ పియాజె 1930లల్లనే చిన్న పిల్లలను ఇట్ల కప్పులు పగిలిన కథ చెప్పి అడిగిండు, చిన్నోళ్ళు ఎన్ని పగిలినయి అని చూస్తరు, పెద్దగయినకొద్ది ఎందుకు పగిలినయి అని చూస్తరు. కిరణ్ "10 ప్లేట్లోడు" అన్నడు. వాడు కావాలని పగలగొట్టిండా? "లే, కాలు తట్టుకున్నడు." మరి? "పగిలినయి కదా మేడం." ఇక్కడ నేను ఆగిన. ఎందుకంటే వీనికి ఉద్దేశం తెల్వక కాదు, అడిగితే సరిగ్గనే చెప్తుండు. తీర్పు చెప్పేటప్పుడు ఆ ఉద్దేశాన్ని తూకంల ఎయ్యట్లేడు, జరిగిన నష్టమే ఏస్తుండు. అమెరికాల 2011ల వచ్చిన ఒక స్టడీల, బాగ చదువుకున్న, మాట మంచిగున్న ఆటిజం పెద్దోళ్ళు కూడా అనుకోకుండ జరిగిన నష్టానికి మనిషిని మిగతోళ్ళ కన్నా ఎక్కువ తప్పు పట్టిన్రు. సాంబారు కేసు ఇదే. ఆడ ఇంకోటి కూడా ఉంది, వేడి సాంబారు, తడి అంగీ, లైన్ల గోల, కిరణ్‌కు తడి బట్ట ఒంటికి అంటుకుంటే తట్టుకోలేడు, ఆ క్షణంల వాడు అవతలోని కాలు జారుడు చూసిండో లేదో కూడా డౌటే.

ఇట్ల రాస్తుంటే కిరణ్‌కు మనుషుల ఉద్దేశాలు అసలే అందవు అనిపిస్తది. అందుకే తోటకు పోయిన, నాకు క్లినిక్ రూముల మీద పెద్ద నమ్మకం లేదు. షెడ్డుల కాయ ఏరుతున్నరు, మంగు కాయ ఒక దిక్కు, మంచి కాయ ఒక దిక్కు. వాళ్ళ నాయిన సంచి మూతి ఒక చేత్తోటి పట్టుకొని ఇంకో చెయ్యి వెనుకకు చాపిండు, మాట లేదు, తిరిగి చూసుడు లేదు. కిరణ్ లేచి దబ్బనం, సుతిలి తెచ్చి చేతుల పెట్టిండు. అక్క చెట్టు కింద మునివేళ్ళ మీద లేచి కొమ్మ అందక ఊగుతుంటే కొంకి కట్టె తెచ్చిచ్చిండు. వాళ్ళు ఏం చెయ్యాలనుకుంటున్నరో పని సగంల ఉండంగనే పట్టుకుండు! ఆండ్రూ మెల్ట్‌జాఫ్ 1995ల 18 నెలల పిల్లలతోటి చూపిచ్చింది ఇదే, పెద్దోళ్ళు ఒక పని చెయ్యబోయి చెయ్యలేకపోతే పిల్లలు ఆ ఫెయిలైన ప్రయత్నాన్ని కాకుండ, అనుకున్న పనినే చేసి చూపిస్తరు. తర్వాత ఆటిజం ఉన్న చిన్న పిల్లలతోటి అదే చేస్తే వాళ్ళు కూడా చేసిన్రు.

కాబట్టి రిపోర్టుల నేను "ఇతరుల ఉద్దేశాలు అర్థం కావు" అని రాయలే. చేతులల్ల కనిపించే ఉద్దేశం అందుతది. మాట ఒకటి, మనసు ఒకటి ఉన్నకాడ అందదు, అందుకే చిట్టీ. నష్టం జరిగినకాడ ఉద్దేశం తెలిసినా తూకంకు రాదు, అందుకే సాంబారు. ఈ తేడా రాయకపోతే స్కూలోళ్ళు, ఇంటోళ్ళు అన్నిటికి ఒకటే మందు ఏస్తరు, "అట్ల చెయ్యొద్దురా" అని చెప్పుడు.

ఇంకొక సంగతి స్కూల్ల గమనించింది. సార్లు కిరణ్‌ను చదివే తీరు, కిరణ్ వాళ్ళను చదివే తీరు కన్నా మెరుగేం లేదు. "నీకు సిగ్గు లేదా రా?" అంటే "ఉంది సార్" అన్నడు, నిజంగ జవాబు చెప్పిండు, అది ఎదురుమాట అయింది. తిట్టేటప్పుడు గోడ దిక్కు చూస్తడు, ఎందుకంటే మొఖం చూసుకుంట మాట వినుడు వానికి కష్టం, అది లెక్కచెయ్యనితనం అయింది. డేమియన్ మిల్టన్ అని ఒక పరిశోధకుడు, ఆయన కూడా ఆటిజం ఉన్న మనిషే, 2012ల ఇదే అన్నడు, అర్థం కాకపోవుడు ఒక్క దిక్కే లేదు, రెండు దిక్కుల ఉంది అని. నాకు ఆ వాదన మొత్తం ఒప్పుదల కాదు, కిరణ్‌కు బయటోళ్ళతోటే కాదు, అట్లాంటి ఇంకో పిలగానితోటి కూడా లొల్లి అయిన సందర్భం ఉంది. కానీ ఈ స్కూల్ల మాత్రం సగం కేసు అదే.

పని ఎట్ల చేసినం అంటే, పాత క్యాలెండర్ కాగితాల వెనుక బొమ్మలు గీసుకుంట. కేరల్ గ్రే 1994ల చెప్పిన పద్ధతి, గీతల మనుషులు, నోటి నుంచి ఒక బుడగల మాట, తల మీద మబ్బుల మనసుల అనుకునేది. కిరణ్‌కు బొమ్మలు మంచిగొస్తయి, సాంబారు గిన్నె మీద హ్యాండిల్ దాక గీసిండు. కాలు జారిన పిలగాని తల మీద మబ్బు ఖాళీగ వదిలేసిండు. "వాని మనసుల ఏముండె?" "ఏం లే మేడం." సరే, కాలు జారేటప్పుడు నీ మనసుల ఏముంటది? చాలసేపు చూసి, "పడిపోత, పడిపోత" అని రాసిండు ఆ మబ్బుల. ఆ తర్వాత తనే పెన్సిల్ తీసుకొని ఆ పిలగాని నోటికాడ బుడగ పెట్టి "అమ్మా" అని రాసిండు. నిజంగ అట్ల అరిచిండా అంటే, అరిచిండు అన్నడు. అంటే వినపడ్డది, దాన్ని లెక్కల తీస్కోలే. చిట్టీ బొమ్మల మాత్రం బుడగలు రెండు, మబ్బులు రెండు వేరే వేరే రంగులల్ల పెట్టాల్సొచ్చింది. మాట పచ్చ, మబ్బు ఎర్ర. ఒకే మనిషికి రెండు రంగులు ఎట్లుంటయి అని వాదించిండు, ఆ వాదనే మాకు మంచిగ పనికొచ్చింది.

వానికి లెక్కలంటే ఇష్టం కదా, గుర్తులు పట్టే పద్ధతి పెట్టినం. నష్టం జరిగినప్పుడు చెయ్యి లేపేముందు చూసేటియి: వాడు ముందే నా దిక్కు చూసిండా, వానికి కూడా నష్టం అయిందా, తర్వాత ఏం చేసిండు. సాయం చేసిండా, భయపడ్డడా, దోస్తుల దిక్కు చూసి నవ్విండా. ఇది పని చేసింది, కొన్ని వారాలకు అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బస్సుల ఒకాయన కాలు తొక్కితే కిరణ్ "పొరపాటున తొక్కిండు, ఆయన కూడా ఊగిండు" అని పక్కనోళ్ళకు వినపడేటట్టు తీర్పు చెప్పిండట.

కానీ రూలు దొరికితే పోరగాళ్ళు ఊకుంటరా? వాటర్ బాటిల్ నీళ్ళు కావాలని బుక్ మీద పోసి "సారీ రా" అనుడు మొదలుపెట్టిన్రు. సారీ చెప్పిండు కాబట్టి పొరపాటు, కిరణ్ లెక్క సరిపోయింది. రోజూ తడిసిన పుస్తకం చూసి అక్క పట్టుకుంది. అప్పుడు ఇంకో మెట్టు పెట్టినం, ఒక్కసారి కాదు, ఒకే మనిషి ఎన్నిసార్లు అని చూడాలె. నోట్ బుక్ వెనుక పేజీల పేరు, తారీఖు, గీత. మూడు గీతలు దాటితే నమ్మేదుండదు, సార్‌కు చెప్పుడే. మామూలు పిల్లలు ఇది ఎవ్వరు చెప్పకుండనే లోపల్లోపల చేస్తరు, కిరణ్ కాగితం మీద చేస్తడు.

స్కూలోళ్ళతోటి మీటింగు టీసీ మాట నుంచే షురువయింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 8వ తరగతి పూర్తయ్యేదాక పిల్లను స్కూలు నుంచి తీసేసుడు కుదరదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 వైకల్యాలల్ల ఆటిజం ఉంది, ఈ రెండు కాగితం మీద పెట్టి ఇచ్చిన. గట్టిగ మాట్లాడలే, అవసరం పడలే. హెచ్చెం సారుకు కూడా బయటి ఒత్తిడి ఉంది, గదువకు కుట్లు పడ్డ పిలగాని అమ్మానాయినకు ఏదో ఒకటి చేసినట్టు చూపియ్యాలె. ఆ పిలగాని ఇంటికి కిరణ్ వాళ్ళ నాయిన పోయి దవాఖాన ఖర్చు ఇచ్చిండు, అది మంచిగనే అయింది. మేం అడిగింది చిన్నయే: కిరణ్‌కు చెప్పేది నేరుగ చెప్పాలె, అన్నం లైన్ల మొదట నిలబెట్టాలె, వేరే అంగీ ఒకటి స్కూల్ల ఉండాలె, చిట్టీ ముగ్గురిని ఆటపట్టిచ్చుడు కింద కాదు, ఏడిపిచ్చుడు కింద చూడాలె. చివరిదానికి ఒక సార్ అసలు ఒప్పుకోలే, "పోరగాళ్ళు గట్లనే ఉంటరు మేడం" అన్నడు. మ్యాథ్స్ టీచరమ్మ మాత్రం మస్తు సాయం చేసింది, ఎటకారం ఆడినప్పుడు "ఇది జోకు కిరణ్" అని చెప్పుడు అలవాటు చేసుకుంది, ఇప్పుడు క్లాసు మొత్తం దాన్ని ఎంజాయ్ చేస్తదంట.

సర్టిఫికెట్ కాడ ఆగినం. సదరం క్యాంపుకు (సర్కారు వైకల్యం పరీక్ష చేసే కాడికి) పోతే కార్డు వస్తది, పదో తరగతి పరీక్షలల్ల టైం ఎక్కువ అడగొచ్చు, ముందుముందు పనికొస్తది. వాళ్ళ నాయిన ఒప్పుకుంటలేడు. "బిడ్డకు రేపు సంబంధాలు చూడాలె మేడం, ఇంట్ల ఒకనికి కార్డు ఉందని తెలిస్తే ఎవరొస్తరు" అన్నడు. అక్క పక్కనే కూసొని, "నాకు గసుంటి సంబంధం వద్దు నాయినా" అన్నది. ఆయన మాట్లాడలే. నేను కూడా ఒత్తిడి చెయ్యలే, పదో తరగతికి ఇంకా టైం ఉంది.

ఫలితం సంగతి ఉన్నదున్నట్టు రాస్త. కొట్లాటలు దాదాపు ఆగినయి, ఒక్కసారి క్రికెట్ల ఎల్బీడబ్ల్యూ కాడ అయింది, అది వానికే కాదు ఊరందరికీ అయ్యేదే. నా కథలల్ల కలెక్టర్ కథ ఇప్పుడు సరిగ్గ చెప్తడు, "కోపంల ఉల్టా మాట్లాడింది" అని. కానీ వాళ్ళమ్మ ఇంట్ల నిజంగ అట్ల అంటే ఇప్పటికీ తడబడ్తడు. దీనికి నాకు ఆశ్చర్యం లేదు, ఎదుటోళ్ళ మనసు చదివే ట్రైనింగుల మీద 2014ల కాక్రేన్ అని వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే సంస్థ వాళ్ళు అన్ని స్టడీలను ముందటేసుకొని చూస్తే, నేర్పిన ముక్క వస్తది గానీ అది వేరే సందర్భాలకు పాకుతది, నిలబడ్తది అనేదానికి గట్టి ఆధారం దొరకలే. అందుకే పిల్లలను "ఎటకారం కోచింగు"కు పంపి పైసలు పోగొట్టుకోవద్దని అమ్మానాయినలకు చెప్త. కిరణ్‌తోటి మా టార్గెట్టు ఎప్పుడో మార్చుకున్నం, మనుషులను మంచిగ చదవాలె అన్నది పక్కకు పెట్టి, చదవలేకపోయినా మోసపోవద్దు అన్నది పట్టుకున్నం. నాలుగు వస్తువులకు ఒక రూలు: పైసలు, ఫోను, కాగితం, ఒంటరి జాగ. ఈ నాలుగింటిల ఏది ఎవ్వరు అడిగినా, దోస్తయినా, "అక్కను అడిగి చెప్త" అనాలె. అది ఎందుకు అని అర్థం కావాల్సిన అవసరం లేదు. ఈ మధ్య ఎవడో "దోస్తువైతే 500 తే రా" అంటే ఇదే మాట చెప్పిండు, వాడు మల్ల అడగలే.

ఇప్పుడు నాకున్న చింత వేరే. 9వ తరగతి, వయసు. "ఆ పిల్లకు నువ్వంటే ఇష్టం రా, పోయి చెప్పు" అని ఎవడన్నా అంటే కిరణ్ పోయి చెప్తడు, పిల్ల మొఖం చూసి ఇబ్బంది పడ్తుందని పట్టలేడు, అప్పుడు సాంబారు, చిట్టీ లెక్క తేలిగ్గ పోదు. నాలుగు వస్తువుల లిస్టుల ఐదోదిగ దీన్ని ఎట్ల చేర్చాలె అని అమ్మతోటి, అక్కతోటి మాట్లాడుతున్నం. అమ్మ ఈ ముచ్చటకే సిగ్గుపడ్తుంది, అక్కనే క్యాలెండర్ కాగితం తీసి గీస్తున్నది. ఎండాకాలం సెలవులల్ల, తోటల పని తక్కువున్నప్పుడు, వాళ్ళ నాయినను కూడా ఒకసారి కూసోబెట్టాలె, ఆ మాట మగోళ్ళ నోటి నుంచి వస్తే కిరణ్ ఎక్కువ పట్టుకుంటడని అక్క అంటుంది.